పంచాయతీ ముద్రకు నల్లసిరా: ఎన్నిక, పరీక్ష, వాడుక

గ్రామ పంచాయతీ కార్యాలయమునకు కొనవలసిన వస్తువుల పట్టికలో స్టాంపు ప్యాడు, దానికి పోయు సిరా సాధారణముగా చిట్టచివర నుండును. ఖరీదు స్వల్పమగుటచే వాటిని గూర్చి సమావేశములో చర్చ జరుగదు. పట్టణమునకు పోయిన వారెవరో అంగడిలో చేతికందిన సీసా తెత్తురు. ఊదారంగుదైనను, నల్లదైనను, నీలిదైనను సిరా సిరాయే యని సరిపెట్టుకొందురు. కాని ఆ సిరాతో వేసిన ముద్ర ఇంటిపన్ను రసీదుపైనను, తీర్మానపు నకలుపైనను, నివాస ధ్రువపత్రముపైనను ఇరువది ముప్పది సంవత్సరములు నిలిచి సాక్ష్యము పలుకవలసి యున్నది. సర్పంచి మారును, కార్యదర్శి బదిలీయగును, గ్రామస్థుని పెట్టెలో మిగులునది ఆ కాగితమొక్కటే.

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఈ విషయమునకు మరింత ప్రాముఖ్యము కలదు. ఈ తీరము తుపానుల తీరము. 2014 అక్టోబరు 12న విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపమున దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నమునకు ఉత్తరముగా దాటిన గులాబ్, ఈ మూడింటిని ఇక్కడి సభ్యులెవరును మరచియుండరు. తిత్లీ వచ్చినపుడు ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలగూలినవి. ఇంటి కప్పు లేచిపోయిన చోట పెట్టెలోని కాగితములు తడియకుండునా? నష్టపరిహారమునకో, ఇంటి మంజూరుకో కాగితము చూపవలసి వచ్చిన దినమున ఒక వృద్ధురాలు తడిసి ఆరిన పత్రమును తెచ్చి, “బాబూ, ఎనకటి సర్పంచిగారే ఏసిచ్చినారు, నీరు తగిలి ముద్దరంతా ఎలిసిపోనాది” యన్నచో కార్యదర్శి యేమి సమాధానము చెప్పగలడు? అచ్చు అక్షరములు నిలిచినవి, బంతికలముతో చేసిన సంతకము నిలిచినది, ముద్ర ఉండవలసిన చోట మాత్రము ఊదారంగు మరక యొకటి మిగిలినది. తప్పు వృద్ధురాలిది కాదు, వాననీటిది కాదు. ఆ సీసాను ఎన్నుకొన్న చోటనే జరిగినది.

కావున సిరా యనగా ఏమి, అందు నల్లసిరా యెన్ని విధములు, ఏ పనికి ఏది తగును అను సంగతులు పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. ఇందు కఠినమైన శాస్త్రమేమియు లేదు. మన యిండ్లలో కాటుక పట్టువారికి సగము తెలిసినదే.

కాటుక చెప్పు పాఠము

ఆముదపు దీపముపై ఇత్తడి పళ్లెము బోర్లించినచో దానికి నల్లని మసి పట్టును. ఈ మసి శుద్ధమైన బొగ్గుపొడి. ఎండకు వెలవెలబోదు, నీటికి కరగదు, ఏండ్లు గడచినను నలుపు తరుగదు. రంగులలో ఇంతటి స్థిరమైనది అరుదు. కాని మసిని వ్రేలితో కాగితముపై రాచి మరల తుడిచినచో ఊడివచ్చును. ఏలనగా దానిని కాగితమునకు అంటించు పదార్థము అందులో లేదు. తుమ్మజిగురు కలిపినచో అంటుకొనును. అయితే తుమ్మజిగురు నీటిలో కరగునది. తడి తగిలినచో మసియు దానితో కదలును. జిగురునకు బదులు లక్క చేర్చినచో ఆరిన తరువాత నీరు తగిలినను కదలదు. పటములు గీయువారు వాడుచు వచ్చిన ఇండియన్ ఇంకు అనునది ఈ తీరున మసి, లక్క కూర్చినదే.

దీనినిబట్టి సిరాలో మూడు అంశములు కలవని తేలుచున్నది: రంగు, ఆ రంగును మోయు ద్రవము, కాగితమునకు పట్టియుంచు బంధకము. సీసాపై ఏ పేరున్నను ఈ మూడింటిని గూర్చి విచారించిన పిమ్మటనే కొనవలెను.

మన పూర్వులకు ఈ రహస్యము చక్కగా తెలియును. తాటియాకుపై గంటముతో గీచిన అక్షరములు మొదట కంటికి ఆనవు. దీపపు మసిని ఆకుపసరుతోనో, నూనెతోనో కలిపి పైన రాచి, గుడ్డతో తుడిచినచో మసి గీతలలో నిలిచిపోయి అక్షరములు నల్లగా తేలును. శతాబ్దముల నాటి తాళపత్రములు నేటికిని చదువ వీలగుటకు కారణమిదే. ఇక రాజముద్రల మాటకు వచ్చినచో, వంశధారా తీరమున ముఖలింగముగా పండితులు గుర్తించిన కళింగనగరము నుండి పాలించిన తూర్పు గాంగుల దానశాసనములు రాగిరేకులపై చెక్కబడినవి. రేకులను కూర్చిన కడియపు అతుకుపై ముద్ర యుండును. దానికి సిరాతో పనియే లేదు, కావున వెలిసిపోవు బెంగయు లేదు! మన పంచాయతీలు రాగిరేకులపై రసీదులు వ్రాయజాలవు గనుక సిరా సంగతి చూడక తప్పదు.

ఊదారంగు ఎట్లు వచ్చినది?

1856లో విలియం పెర్కిన్ అను ఆంగ్ల యువకుడు తారునుండి లభించు పదార్థముతో ప్రయోగములు చేయుచు అనుకొనకుండ ఒక ఊదారంగును సృష్టించెను. కృత్రిమ రంగుల పరిశ్రమకు అదియే నాంది. అటుపిమ్మట అదే కోవలో మరికొన్ని ఊదారంగులు పుట్టినవి. దాదాపు ఆ కాలముననే, 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనిన గంధక సంస్కారము వలన రబ్బరు గట్టిపడి అక్షరముల అచ్చు పోయుటకు అనువయ్యెను. చవుకగా దొరకు ఊదారంగు, చవుకగా తయారగు రబ్బరు ముద్ర, రెండును కలిసి లోకమందలి కచేరీల బల్లలపైకి ఎక్కినవి. ఆరోగ్య కేంద్రములో పుండ్లకు పూయుచు వచ్చిన ఊదారంగు మందు కూడ ఆ వంశములోనిదే. ఆ మందు బట్టకు అంటినచో వదలదు గదా, ముద్ర యేల వెలియునని సందేహము కలుగవచ్చును. ఈ జాతి రంగు గాఢమైనదే గాని వెలుతురుకు తాళలేదు. కిటికీ ప్రక్కనున్న గోడపై అంటించిన నోటీసును చూడుడు. కొన్ని నెలలకే ముద్ర పాలిపోయి యుండును. అదియుగాక స్టాంపు ప్యాడు సిరాలో ఆ రంగు నీటిలో కరగి యుండును గనుక కాగితము తడిసినపుడు మరల కరగి పారును.

నల్లసిరాలు నాలుగు తెరగులు

నల్లనివన్నియు ఒకటి కావు. అంగడిలో దొరకు నల్లని స్టాంపు సిరాలలో మొదటిది నీటిలో కరగు రంగుతో చేసినది. సీసాపై దీనిని ‘డై’ అందురు. ఇందలి నలుపు నిజముగా నలుపు కాదు; నీలము, ఊదా, ఎరుపు, పసుపు రంగులను తగుపాళ్లలో కలిపి కంటికి నల్లగా కనబడునట్లు చేసినది. మసిపూసి మారేడుకాయ చేయుట యనిన ఇదియే, ఇచట మసి కూడ లేదన్నమాట. ప్యాడు ఎండిపోకుండుటకు ఇందు గ్లిసరిన్ కలుపుదురు. గ్లిసరిన్ గాలిలోని చెమ్మను పీల్చును. వేసవిలో ఇది మేలే గాని, శ్రావణ భాద్రపదములలో సముద్రపు గాలి వీచు సోంపేట, భోగాపురము వంటి చోట్ల వేసిన ముద్ర త్వరగా ఆరక, రిజిష్టరు మూసినంతనే ఎదుటి పుటకు అంటుకొనును.

రెండవది కరగని నలుపు, అనగా మసి వంటి మిక్కిలి సన్నని పొడిని ద్రవములో తేలునట్లు చేసినది. దీనిని ‘పిగ్మెంటు’ అని వ్రాయుదురు. ఇది కొంత చిక్కగా నుండును, ఆరుటకు ఎక్కువ సమయము పట్టును. కాని ఆరిన పిమ్మట ఎండకు తగ్గదు, మంచి బంధకము కలిపిన రకమైనచో నీటికిని జంకదు. శాశ్వతముగా నుంచవలసిన రికార్డులకు ఇదియే శ్రేష్ఠమని నా యభిప్రాయము. నునుపైన మెరుగు కాగితముపై మాత్రము ఇది ఆరక జారును.

మూడవది స్పిరిట్టు వంటి ఆవిరియగు ద్రవముతో చేసినది. క్షణములో ఆరును, ప్లాస్టిక్కు, రేకు, మెరుగు కాగితములపై కూడ నిలుచును. వీధి దీపముల సామాను, చెత్తబండ్లు, నీటి మీటర్లు మొదలగు వాటిపై పంచాయతీ గుర్తు వేయుటకు ఇది తగినది. ప్యాడు మూత తెరచియుంచినచో గంటలో ఎండిపోవుట దీని దోషము. కొన్నిటి వాసన ఘాటుగా నుండును గనుక తలుపులు తెరచి వాడవలెను. నాల్గవది నూనె సిరా. సిరా తనయందే నింపుకొని ప్యాడు అక్కరలేకుండ పడు ముద్రలలో ఇది యుండును. ఖనిజతైలముతో చేసిన సిరాలు సహజ రబ్బరును ఉబ్బించి అక్షరముల అంచులను మొద్దుబార్చును. కావున ముద్ర తయారుచేసిన వానిని అడిగి, దానికి చెప్పిన సిరానే వాడవలెను.

ఈ నాలుగింటిలో చేరని నల్లరంగులు మరి రెండు మన ప్రాంతీయులకు పరిచితములు. రజకులు పూర్వము బట్టలపై గుర్తు పెట్టుటకు నల్లజీడి రసము వాడెడివారు. సున్నము తగిలినచో ఆ గుర్తు చాకిరేవు బండకు కూడ లొంగదు. కాని ఆ రసము చర్మమునకు తగిలినచో పొక్కులు లేచును. అది బట్టకే గాని కార్యాలయమునకు కాదు. రెండవది ఎన్నికలలో వ్రేలికి పెట్టు సిరా. 1962 సాధారణ ఎన్నికల నుండి మైసూరులోని ప్రభుత్వ కర్మాగారములో తయారగుచున్న దీనిలో వెండి లవణము కలదు. వెలుతురు తగిలిన కొలది చర్మముపై నల్లబడుటయే దాని గుణము. ముద్రకు అదియు పనికిరాదు.

నలుపా, ఊదాయా?

ఈ ప్రశ్నపై కార్యాలయములలో వాదములు జరుగుచుండును. నల్లముద్ర జెరాక్సులోను, స్కానులోను స్పష్టముగా పడును. లేతనీలి ముద్ర పాత యంత్రములలో కొన్ని సమయములందు ఆనవాలు లేకుండపోవును. ఇది నలుపునకు అనుకూలమైన వాదము. దీనికి ప్రతివాదము బలమైనది: అసలు కాగితముపై ముద్రయు నల్లగా, అచ్చును నల్లగా నున్నచో, అది అసలో జెరాక్సు నకలో తేల్చుట కష్టము. నేటి యంత్రముల నకళ్లు అంత నేర్పుగా నుండును. ఊదా లేక నీలి ముద్ర యున్నచో చూడగనే అసలు కాగితమని కొంత నమ్మకము కలుగును. రంగు జెరాక్సు వచ్చిన తరువాత ఈ భేదము సంపూర్ణ రక్షణ కాకపోయినను, బొత్తిగా నిరర్థకము కాలేదు.

నా సలహా యిది. ప్రజలకిచ్చు ధ్రువపత్రములు, రసీదులపై సంతకమునకు చేర్చి వేయు పదవి ముద్రకు ఊదా లేక నీలిరంగునే ఉంచుడు, కాని అది కరగని రకముగా, అనగా పిగ్మెంటు సిరాగా ఎన్నుకొనుడు. కార్యాలయముననే యుండు రిజిష్టర్లలో పుటల సంఖ్య వేయు ముద్ర, తేదీ ముద్ర, రావు పోవు తపాలా ముద్ర, పటములపై గుర్తులు, పుస్తకములపై గ్రంథాలయ ముద్ర, వీటికి నలుపు ఉత్తమము. సంతకము నల్లసిరాతో చేయు అలవాటున్న చోట నల్లముద్రను సంతకముపై వేయరాదు. ఒకదానినొకటి మ్రింగివేయును, పేరును కనబడదు, ముద్రయు కనబడదు. ముద్ర అంచు మాత్రము సంతకపు చివరను తాకునట్లు వేసినచో చాలును.

బొమ్మలకు ముద్ర, ముద్రకు రంగు

గ్రామాభివృద్ధి ప్రణాళికకై వనరుల పటము గీయునపుడు, పాఠశాలలోను అంగన్‌వాడీలోను పిల్లలచే బొమ్మలకు రంగులు వేయించునపుడు ముద్రలు మిక్కిలి ఉపకరించును. పటములో బావి, చెరువు, బడి, గుడి, చేతిపంపు, విద్యుత్ స్తంభము వంటి గుర్తులను ఒక్కొక్కటి చేతితో గీచిన ఒకటి పెద్దది, ఒకటి చిన్నది యగును. చిన్న రబ్బరు ముద్రలు నాలుగైదు చేయించి యుంచినచో పటమంతయు ఒకే తీరున వచ్చును. ముద్ర వేసిన పిమ్మట చెరువునకు నీలము, తోటకు పచ్చ, మెరకకు పసుపు పూయుదురు. ఇచటనే చిక్కు వచ్చును. కుంచె తగిలినంతనే నల్లని అంచు కరగి పసుపు మురికియగును, నీలము బూడిదయగును. రెండు దినములు శ్రమించి గ్రామసభలో పెట్టవలసిన పటము చెడును.

ఈ చిక్కును కలంకారీ పనివారు ఏనాడో విడదీసినారు. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయు బట్టకు మొదట కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరవేయుదురు. ఇనుప తుప్పు, బెల్లము నీటిలో కొన్ని వారములు పులియబెట్టి నల్లని ద్రవము చేయుదురు. ఆ ద్రవములోని ఇనుము, బట్టలోని కరక్కాయ వగరు కలిసినంతనే పోగులలోనే నలుపు పుట్టును. అది ఉతుకులకును పోదు. పాలలోని వెన్న బట్టపై గీత అలుముకొనకుండ ఆపును. ముందుగా నల్లని గీతలు, తరువాత రంగులు అను క్రమము అక్కడ తప్పదు. గీత స్థిరపడినదని నమ్మిన పిమ్మటనే కుంచె ఎత్తుదురు. మనకు కాగితముపై కావలసినదియు ఇవే: అలుముకొనని కాగితము, కదలని నలుపు, ఆరువరకు ఓర్పు.

ఏ రంగు వేయదలచితిమో దానినిబట్టి సిరా నిర్ణయింపవలెను. నీటిరంగులు వేయదలచినచో నీటికి కదలని పిగ్మెంటు సిరా గాని, స్పిరిట్టు సిరా గాని ఉండవలెను. స్పిరిట్టుతో నిండిన రంగు కలములు, అనగా బజారులో మార్కర్లు అనునవి వాడదలచినచో స్పిరిట్టు సిరా పనికిరాదు. పుట్టినిల్లు కనబడిన కూతురివలె పరుగున పోయి ఆ రంగులో కలిసిపోవును. వాటికి నీటి సిరా గాని, బాగుగా ఆరిన పిగ్మెంటు సిరా గాని తగును. రంగు పెన్సిళ్లకు ఏ సిరా యైనను ఒకటే, ఆరియుండిన చాలును. మైనపు రంగులకు ముద్ర ముందు వేసి తీరవలెను, మైనముపై సిరా నిలువదు గనుక.

పిల్లలు నలువది మంది యున్న తరగతికి ప్రతి కాగితముపై ముద్ర వేయుట కంటె ఒక కాగితముపై వేసి జెరాక్సు తీయుట మేలు. జెరాక్సులోను, లేజర్ ప్రింటరులోను పడునది సిరా కాదు. నల్లని పొడి, జిగురువంటి ప్లాస్టిక్కు కలిసి వేడికి కరగి కాగితమునకు అంటుకొనునది. నీటిరంగు దానిని కదల్చలేదు. ఇంకుజెట్ ప్రింటరులో చాల రకముల సిరా నీటికి కరగును. ధ్రువపత్రములు అచ్చు వేయుటకు యంత్రము కొనునపుడు కూడ ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. అంగన్‌వాడీ పసివారికి రబ్బరు ముద్రయు, కొన్న సిరాయు ఎందులకు? బెండకాయ అడ్డముగా కోసినచో చక్కని పూవు. పళ్లెములో రంగు పోసి అద్దించినచో వారి యానందమునకు మేర యుండదు.

కొనుటకు ముందు నాలుగు పరీక్షలు

అంగడివాడు ‘వాటర్ ప్రూఫ్’ అన్నంతమాత్రమున నమ్మరాదు. చిన్న సీసా యొకటి తెచ్చి పరీక్షించిన పిమ్మటనే పెద్దది కొనవలెను. మీ కార్యాలయములో వాడు రిజిష్టరు కాగితము, ధ్రువపత్రపు కాగితము, రెండింటి ముక్కలపైనను ముద్రలు వేయుడు. వేరు కాగితముపై పరీక్ష వ్యర్థము. గంజి పట్టని కాగితము సిరాను పీల్చి అక్షరములను వెడల్పు చేయును, గట్టి కాగితము చేయదు.

మొదటి పరీక్షగా ఒక నిమిషమునకు, అయిదు నిమిషములకు, అరగంటకు వేర్వేరు ముద్రలను వ్రేలితో రాచి చూడుడు. ఎప్పుడు అలుకుట మానినదో అదియే దాని ఆరు సమయము. ఈ పరీక్షను వానకాలములో చేయుట లాభకరము; వేసవిలో ఉత్తీర్ణమైన సిరా వానకాలములో తప్పవచ్చును. రెండవది నీటి పరీక్ష. ఒక దినము ఆరిన ముద్రపై నీరు చుక్కలుగా వేసి, పావుగంట విడిచి, అద్దుడు కాగితముతో ఒత్తుడు. కాగితమునకు రంగు అంటినచో ఆ సీసా తిరిగి అంగడికే తగును. మూడవది ఎండ పరీక్ష. ముద్రలో సగము అట్టముక్కతో కప్పి, పది పదునైదు దినములు ఎండలో ఉంచి, అట్ట తీసి రెండు సగములను పోల్చి చూడుడు. చేతులకు రాచుకొను శానిటైజరును దూదితో అద్దినచో స్పిరిట్టు పరీక్ష నాల్గవదిగా పూర్తియగును.

అది నిజమైన నలుపో, కలగలుపు నలుపో తెలిసికొనుటకు మరియొక వేడుకైన మార్గము కలదు. అద్దుడు కాగితపు పట్టీపై అడుగునకు కొంచెము పైన ఒక సిరాచుక్క పెట్టి, అడుగుభాగము మాత్రము నీటిలో మునుగునట్లు గ్లాసులో నిలుపుడు. నీరు పైకి ఎగబ్రాకును. కలగలుపు సిరాయైనచో చుక్క విడిపోయి ఊదా, నీలము, ఎరుపు పట్టెలుగా సాగును. మసి సిరాయైనచో ఉన్నచోటనే నల్లగా నిలుచును. హైస్కూలు విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునికి చెప్పినచో పిల్లల యెదుట చేసి చూపును. పంచాయతీకి ఖర్చులేని పరీక్ష, పిల్లలకు ఒక పాఠము.

పరీక్షించిన కాగితములపై సిరా పేరు, కొన్న తేదీ వ్రాసి సామాను రిజిష్టరులో అంటించుడు. రెండేండ్ల తరువాత వచ్చు కార్యదర్శి మొదటినుండి వెదకుకొన నక్కరలేదు.

ప్యాడు పోషణ

ఎండిన ప్యాడులో నీళ్లు పోయుట, కొబ్బరినూనె చిలకరించుట, ఫౌంటెన్ పెన్ను సిరా కలుపుట మన కార్యాలయములలో కనబడు అలవాట్లు. మూడును మానవలెను. నీరు రంగును పలుచబరచును. నూనె కాగితముపై పసుపు మరక చేసి రబ్బరును పాడుచేయును. రెండు జాతుల సిరాలు కలిసినచో విరిగిన పాలవలె గడ్డకట్టవచ్చును. నల్లసిరాకు వేరు ప్యాడు, ఊదాకు వేరు ప్యాడు ఉంచుడు. సిరా పోసిన పిమ్మట అది ఇంకువరకు ఆగి, అవసరములేని కాగితముపై రెండు మూడు సార్లు ముద్ర వేసి చూడుడు. ఎక్కువైన సిరాయే అక్షరముల కన్నులు పూడ్చి, ‘గ్రామ పంచాయతీ’ అను మాటను నల్లని పట్టెగా చేయుచున్నది. వాడని వేళ మూత బిగించి బోర్లించి యుంచినచో అడుగున దిగిన సిరా పైకి చేరును.

రబ్బరు ముద్రను వారమునకొకసారి తడిగుడ్డతో తుడిచి, నూలుపోగులు చిక్కుకొన్నచో పాత పళ్లబ్రష్షుతో తీయుడు. కిరసనాయిలు, పెట్రోలు వద్దు. అవి రబ్బరును ఉబ్బించును. ముద్రను బల్లపై బాదుట చాలమందికి గొప్పగా తోచును. నిజమునకు ప్యాడుపై మెల్లగా తాకించి, కాగితము క్రింద నాలుగు కాగితములు మెత్తగా వేసి, కదల్చకుండ సమముగా ఒత్తినచో చాలును.

ఎన్నికల సంగతి కూడ ఇచట స్మరింపదగినది. 2021 ఫిబ్రవరిలో మన రాష్ట్రమున గ్రామ పంచాయతీ ఎన్నికలు బ్యాలట్ పత్రములతోనే జరిగినవి. ఓటరు ముద్ర వేసి పత్రమును మడచినపుడు పచ్చిసిరా ఎదుటి భాగమునకు అంటుట సహజము. అట్లంటిన మరకలో ముద్ర చేతులు అద్దములోని బొమ్మవలె ఎదురువైపునకు తిరిగి యుండును. అసలు ముద్ర ఏది, అంటిన మరక ఏది యని లెక్కింపులో పోల్చుటకు ఈ తేడా ఉపకరించును. ఆరియు ఆరని ముద్ర ఒక ఓటు విషయములోనే ఇంత పరిశీలన కోరుచుండగా, సంవత్సరముల తరబడి మూసియుండు రిజిష్టరు మాట చెప్పనేల? ముద్ర వేసిన ప్రతి పుటపై అద్దుడు కాగితముంచి, అరగంట తెరచియుంచిన పిమ్మటనే మూయవలెను.

ఇంత జాగ్రత్తపడినను నాగావళి, వంశధారలు పొంగినపుడో, తుపానునకు కిటికీ ఊడినపుడో రిజిష్టర్లు తడియవచ్చును. తడిసిన పుస్తకమును ఎండలో పెట్టరాదు. కాగితము ముడుతలుపడును, రంగులు మరింత వెలియును. అతుకుకొన్న పుటలను బలవంతముగా లాగరాదు. నీటిని మెల్లగా ఒత్తి తీసి, కొన్ని పుటలకొకటి చొప్పున తెల్లని అద్దుడు కాగితములు పెట్టి, నీడలో గాలి తగులునట్లు నిలబెట్టి, కాగితములను తరచు మార్చవలెను. అచ్చు వార్తాపత్రికలను మధ్యలో పెట్టినచో వాటి సిరా అంటవచ్చును. రెండు దినములు జాగు చేసినచో బూజు పట్టును. కావున తుపాను హెచ్చరిక వచ్చిన దినముననే అద్దుడు కాగితములు ఒక కట్ట, మందమైన ప్లాస్టిక్కు సంచులు నాలుగు, రిజిష్టర్ల బీరువా పై అరలో సిద్ధముగా నుంచుడు.